ముక్క తీస్తే జబ్బు పాకుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 49 ఏళ్లు. జీడిపప్పు ఒలిచే పనికి వెళ్తుంది. మూడు నెలలుగా కుడి బుగ్గ, కంటి కింద వాపు. జీడి అంటిందనుకున్నాం. తర్వాత పన్ను పీకించాం, సైనస్ మందులు వాడాం. ఏవో బిళ్లలకు వాపు తగ్గి, ఆపగానే మళ్లీ వచ్చింది. కుడి ముక్కు బిగుసుకుపోయి రక్తం కారుతోంది. ముక్క పరీక్ష (బయాప్సీ)లో ‘చచ్చిన కణజాలం, క్యాన్సర్ లేదు’ అన్నారు. మళ్లీ తీయాలంటున్నారు. పాకిపోతుందని మా మేనమామ ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: మీ మామయ్యగారి భయం ప్రతి ఊళ్లోనూ వింటాను. ముక్క తీసినందువల్ల లింఫోమా, అంటే తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్, పాకదు. తీయకుండా కూర్చుంటేనే ముదురుతుంది.

జీడి అంటితే చర్మం పొక్కి, కొద్ది రోజుల్లో మానుతుంది. మూడు నెలలు ఒకే పక్క వాపు, ముక్కు దిబ్బడ, రక్తం అంటే జీడి మీద నెట్టకూడదు. ఉత్తరం చూసి జబ్బు తేల్చలేను గానీ, డాక్టరు అనుమానం బహుశా ముక్కులో మొదలయ్యే ఎన్‌కే/టీ సెల్ లింఫోమా (ఎన్‌కే, టీ అనేవి తెల్ల రక్తకణాల రకాలు) మీద ఉండొచ్చు. అరుదైనది. అచ్చం సైనస్‌లాగే మొదలవుతుంది. దీని కణాలు రక్తనాళాలను పాడుచేస్తాయి, చుట్టూ కండ చచ్చిపోతుంది. పైపైన గిల్లితే దొరికేది ఆ చచ్చిన కండే. అందుకే లోతుగా, అంచుల నుంచి నాలుగైదు ముక్కలు తీయాలి. వాటిపై సీడీ56 (ఈ జబ్బు కణాల మీద ఉండే గుర్తు), ఈబర్ పరీక్షలు చేయమని అడగండి. ఈబర్ అంటే ఈ జబ్బు కణాల్లో ఉండే ఈబీ (ఎప్‌స్టీన్-బార్) వైరస్ జాడ వెతకడం. ఆ వైరస్ చాలామంది ఒంట్లో ఊరికే ఉంటుంది కాబట్టి అమ్మ కంచం వేరు చేయకండి!

ఆ బిళ్లల అట్ట దాచారా? స్టెరాయిడ్ అయితే లింఫోమాను కొన్నాళ్లు అణచి, పరీక్షనూ తప్పుదారి పట్టిస్తుంది. అట్ట డాక్టరుకు చూపండి. పాత ముక్కను ల్యాబ్‌లో మైనం దిమ్మలో దాచి ఉంచుతారు. ‘బ్లాక్’ కావాలని అడిగితే ఇస్తారు. అదీ, స్లైడ్లూ పట్టుకెళ్లండి.

జబ్బు తేలితే, ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూసేందుకు పెట్ స్కాన్ తీస్తారు. ముక్కు దగ్గరే ఉంటే రేడియేషన్ ముఖ్యం, దాంతో ఆస్పరాజినేజ్ అనే మందు ఉన్న కీమో. మిగతా లింఫోమాలకు వాడే మామూలు కీమో దీనికి అంతగా పనిచేయదు. విశాఖ అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. పలాసలో రైలెక్కి దువ్వాడలో దిగితే దగ్గర. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు మరవకండి. మామయ్యగారినీ వెంట తీసుకెళ్లండి, ఆయన ప్రశ్నలు అక్కడే అడుగుతారు.