జక్కవ కనబడితే ఏం చేయాలి?

ప్రశ్న: మేం చెన్నై మేడవాక్కంలో ఉంటాం. పోయిన ఆదివారం పొద్దున్నే పెరుంబాక్కం చెరువు దగ్గరికి వెళ్తే, ఈల బాతుల గుంపు పక్కన నారింజ రంగు బాతు ఒకటి నిలబడి ఉంది. ఒళ్లంతా ఒకటే రంగు, తల మాత్రం వెలిసిపోయినట్టు లేతగా ఉంది. ఫోన్‌లో తీస్తే చుక్కలా వచ్చింది. మా గ్రూపులో చెబితే "అదీ ఈల బాతే, ఎండకి అలా కనబడి ఉంటుంది" అని తేల్చేశారు. అది జక్కవ కాదంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: లేత తల అన్నారు చూడండి, నేను అక్కడే ఆగిపోయానండీ. ఈల బాతుకి నడినెత్తి ముదురు రంగులో ఉంటుంది, పైగా అది చిన్న పిట్ట, జక్కవ పక్కన నిలబడితే దాని పిల్లేమో అనిపిస్తుంది. ఇంగ్లీషులో రడ్డీ షెల్‌డక్, బ్రాహ్మినీ డక్ అనేది ఈ జక్కవనే. కావ్యాల్లో చక్రవాకమూ ఇదే. ముక్కు, కాళ్లు నల్లగా ఉన్నాయా గుర్తుతెచ్చుకోండి. మళ్లీ కనబడితే మాత్రం అది ఎగిరేదాకా ఓపిగ్గా కూర్చోండి, ఎందుకంటే రెక్క విప్పగానే ముందు భాగం తెల్లగా మెరుస్తుంది, ఈల బాతు రెక్కలో ఆ తెలుపు ఉండనే ఉండదు. ఆ ఒక్కటి చూస్తే ఇక వాదనే లేదు. ఒక్క అనుమానం మాత్రం తీర్చుకోండి: కోతలయ్యాక పొలాల్లో బాతులు మేపేవాళ్లు ఈ చుట్టుపక్కలకీ వస్తుంటారు, ఆ పెంపుడు బాతుల్లో గోధుమ రంగువి ఉంటాయి, దూరం నుంచి పొరబడొచ్చు.

ఫోటో రాలేదని దిగులు వద్దు. ఈ జవాబు చదవకముందే, ఏ పక్షుల పుస్తకం తిరగేయకముందే మీరు చూసింది కాగితం మీద రాసుకుని ఉంటే ఇంకా బాగుండేది. బొమ్మ చూశాక మన జ్ఞాపకం ఆ బొమ్మలాగే మారిపోతుంది, చూడని నల్ల ముక్కు కూడా చూసినట్టే ఉంటుంది. ఇకముందైనా గట్టు మీద నిలబడే రాయండి: టైము, వెలుతురు ఎటువైపు నుంచి ఉంది, పక్కన ఏ పక్షి ఉంది, దానికంటే ఎంత పెద్దది, ఏం చేస్తోంది, ఎలా అరిచింది. ఏది చూడలేదో అదీ రాయండి. "కాళ్లు నీళ్లలో ఉన్నాయి, కనబడలేదు" అని రాసినవాళ్ల మాట మీద నాకు గురి ఎక్కువ.

ఆ వివరాలతో ఈబర్డ్‌లో, అంటే ఎవరైనా తాము చూసిన పక్షుల్ని నమోదు చేసే వెబ్‌సైట్‌లో, ఎక్కించండి. ఆ ప్రాంతానికి అరుదైన పక్షి అయితే వాలంటీర్లు పరిశీలించి, ఇంకా వివరాలు కావాలని మీకు మెయిల్ పెట్టొచ్చు. చిన్నబుచ్చుకోకండి, ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లనీ అదే అడుగుతారు.

జక్కవ లోకంలో అరుదైన పక్షేమీ కాదు. లడఖ్, టిబెట్, మధ్య ఆసియా వైపు గుడ్లు పెట్టి, చలికాలం మన దేశానికి దిగుతుంది. ఉత్తరాది నదుల ఇసుక తిన్నెల మీద బాగానే కనబడుతుంది, ఇంత కిందికి వచ్చేవే తక్కువ. రాత్రి విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకునే జక్కవల జంట గురించి మనం చిన్నప్పటి నుంచి పద్యాల్లో చదువుకున్నాం, కళ్లారా చూసినవాళ్లు మనలో ఎంతమంది? అది మేసేది ఎక్కువగా రాత్రిపూటే, 'ఆంగ్, ఆంగ్' అని ముక్కుతో పలికినట్టు గట్టిగా అరుస్తుంది. కవుల విరహానికి మూలం ఆ చీకటి అరుపులేనేమో అని నాకు అనిపిస్తుంటుంది. ఇవి జంటగా తిరిగే పక్షులు, కాబట్టి రెండోదాని కోసం కూడా వెతకండి.

ప్రశ్న: పళ్లికరణై చిత్తడి నేలలో ఒక అరుదైన బాతు కనబడితే సంతోషం పట్టలేక ఫోటోతో పాటు లొకేషన్ కూడా అందరికీ పంపాను. మర్నాడు వెళ్తే ఇరవై మంది దాకా కెమెరాలతో ఉన్నారు, ఒకాయన బాతు ఎగిరితే బాగుంటుందని రాయి విసిరాడు. అది లేచి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. నేను తప్పు చేశానా సార్?
– వేళచ్చేరి పాఠకుడు

జవాబు: రాయి విసిరింది మీరు కాదు, ఆ తప్పు మీరు నెత్తిన వేసుకోకండి. కానీ అందరికీ పంపే ముందు ఒక్క రోజు ఆగాల్సింది. మొదట ఆ చోటు బాగా తెలిసినవాళ్లు ఒకరిద్దరికి చెప్పండి, వాళ్లు వచ్చి చూస్తే మీ మాటకి సాక్ష్యం కూడా దొరుకుతుంది. మిగతావాళ్లకి ఏ గట్టు, ఏ మూల అనేది చెప్పకుండా చిత్తడి నేల పేరు చెబితే చాలు.

పగలు వలస బాతులు కళ్లు మూసుకుని ఊరికే కూర్చున్నట్టుంటాయి గానీ, అది వాటికి నిద్ర టైము. ఒక్కసారి బెదిరి లేస్తే తిన్నదంతా ఎగరడానికే ఖర్చవుతుంది, ఎండాకాలం మొదలయ్యేలోపు హిమాలయాల అవతలికి వెళ్లడానికి ఒంట్లో కొవ్వు పట్టాల్సినవి అవి. మీరు దగ్గరవుతుంటే, మేస్తున్నవి ముందు మేత ఆపుతాయి, తర్వాత మెడలు నిక్కించి అన్నీ ఒకే వైపు చూస్తాయి. ఆ మెడలు లేవగానే ఆగి, నాలుగడుగులు వెనక్కి వేయండి.

పళ్లికరణైకి 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, దాని కింద ఉన్నది సుమారు 1,248 హెక్టార్లు. ఒకప్పుడు ఆ చిత్తడి ఇంతకు ఎన్నో రెట్లు ఉండేది, మిగిలినదాని చుట్టూ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, ఐటీ ఆఫీసులు, పెరుంగుడి చెత్త గుట్ట. అక్కడ బెదిరిన బాతుకి పక్కనే ఇంకో మంచి మడుగు దొరకడం కష్టం. మీకు కోపం రావడం న్యాయమే, అయితే ఈసారి రాయి ఎత్తిన చేతిని అక్కడే ఆపండి. వినకపోతే అటవీ శాఖ సిబ్బందికి చెప్పండి.

ప్రశ్న: అమ్మకి సూళ్లూరుపేటలో ఉన్నప్పుడు నేలపట్టు గూడబాతులంటే ప్రాణం. ఇప్పుడు మా దగ్గరికి చెన్నై వచ్చేసింది. బైనాక్యులర్స్ ఏవి కొనాలి?
– ఒక పాఠకుడు

జవాబు: 8x42 అని రాసి ఉన్నవి చూడండి. ఎనిమిది రెట్లు దగ్గరగా కనబడుతుంది, 42 మిల్లీమీటర్ల అద్దం కాబట్టి తెల్లవారుజాము మసక వెలుతురులోనూ రంగులు తెలుస్తాయి. పది రెట్లవి కొంటే చెయ్యి కాస్త వణికినా బొమ్మ ఊగిపోతుంది, పెద్దవాళ్లకి ఇబ్బంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుంటే దాంతోనే షాపుకి తీసుకెళ్లి, మెడలో వేసి బరువు చూడనివ్వండి. జనవరిలో పులికాట్ వైపు తీసుకెళ్లండి, దూరంగా గులాబీ గీతలా ఫ్లెమింగోలు కనబడితే బైనాక్యులర్స్ ముందు ఆవిడ చేతికే ఇవ్వండి.