అమ్మలూ, కొండ మీద మొహమాటపడకు

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, దానికి లేహ్ టిక్కెట్లు తీసేశారు, అత్తగారూ మామగారూ కూడా వెళ్తున్నారట" అంది. ఎంత సంబరపడ్డానో అంత గుబులూ పుట్టింది. రైల్లో కిటికీ పక్కన చోటు దొరక్కపోతే సామర్లకోట దాకా ఏడ్చే పిల్లవి, ఇవాళ హిమాలయాలు దాటి లద్దాఖ్ వెళ్తున్నావంటే నాకు గర్వంగా ఉండదూ! కానీ మీ మామగారు రాసిన టూరు ప్లాను కూడా మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. మొదటి రోజు పొద్దున లేహ్‌లో దిగడం, సాయంత్రం ప్యాలెస్ ఎక్కడం. రెండో రోజు ఖర్దుంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయ. మూడో రోజు పాంగాంగ్ సరస్సు. ఆ రెండో రోజు దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. రాత్రంతా నిద్ర లేదు. మీ పెదనాన్న పక్కన కూర్చుని ఆయన ఊపిరి వింటూ తెల్లవార్చాను. ఎందుకో చెప్తాను, ముందు చిన్నవి రాసేస్తాను.

స్వెట్టరూ కోటూ చేతి సంచిలోనే పెట్టుకో, పెట్టెలో కాదు. అక్కడ చలిలోనూ ఎండ చర్మాన్ని కాల్చేస్తుంది, నల్ల కళ్ళద్దాలు, మొహానికి క్రీము మర్చిపోకండి. మన ప్రీపెయిడ్ సిమ్ములు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఒక్కటైనా ఉండాలి. చేతిలో నగదు ఉంచుకో. మీ అత్తగారికి బీపీ ఉందన్నావుగా, వాళ్ళ డాక్టరుగారికి చూపించి, వెళ్ళొచ్చు అన్నాకే బయల్దేరండి. అక్కడికి వెళ్ళేముందు వేసుకునే డయామాక్స్ అనే మాత్ర ఒకటుంది, అది ఎవరికి పడుతుందో ఎంత వేసుకోవాలో కూడా ఆయన్నే అడుగు. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. నీకు చిన్నప్పుడు ఏదో మాత్రకి ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయి, అదేమిటో మీ అమ్మని అడుగు.

ఇక అసలు సంగతి. మనం సముద్రం ఒడ్డు వాళ్ళం. లేహ్ 11,500 అడుగుల ఎత్తున ఉంది. ఢిల్లీలో విమానం ఎక్కితే గంటంపావులో దించేస్తాడు. దేహానికి ఆ సంగతి తెలిసేలోపే నువ్వు అక్కడుంటావు. గాలి పలచన. ఒక్కో ఊపిరికి మనకి ఇక్కడ దొరికే ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే అందుతుంది. ఖర్దుంగ్ లా 17,500 అడుగుల పైన, అక్కడ సగమే. దేహం సర్దుకుంటుంది, కాదనను. కానీ దానికి రెండు మూడు రోజులు కావాలి, ఆ రోజులు మనమే ఇవ్వాలి. చిత్రమేమిటంటే దిగిన మొదటి కొన్ని గంటలు హాయిగా ఉంటుంది. "ఇంతేనా!" అనిపిస్తుంది. మేం మోసపోయింది అక్కడే.

2009 జూన్ అది. మీ పెదనాన్నకి ఆఫీసువాళ్ళు ప్రయాణం ఖర్చులిచ్చే ఎల్టీసీ వచ్చింది. హిమాలయాల్లో అంత ఎత్తుకి వెళ్ళాలని నేను పదిహేనేళ్ళుగా ఆయన ప్రాణం తీస్తున్నాను. చేతిలో నాలుగే రోజులు. పొద్దున ఏడింటికి దిగాం. ఆకాశం అంత నీలంగా నేనెప్పుడూ చూడలేదు. చాంగ్‌స్పాలో పోప్లార్ చెట్ల మధ్య ఒక ఇంట్లో గది తీసుకున్నాం. స్నానం చేసి, కునుకైనా తీయకుండా ప్యాలెస్‌కి బయల్దేరదీశాను. పాత ఊరి సందుల్లో మెట్లు, రాళ్ళు, ఆయాసం. ఎక్కాం. దిగాం. రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయారు. ఆవకాయ వేస్తే కూడా తినలేదంటే నాకు అప్పుడే అర్థం కావాలి.

మర్నాడు పొద్దున డ్రైవరు, "నిన్ననే వచ్చారా? అయితే ఇవాళ వద్దమ్మా, ఎల్లుండి వెళ్దాం" అన్నాడు. నేనే పట్టుబట్టాను. ఎల్లుండి అంటే మాకు తిరుగు ప్రయాణం. డబ్బులు కట్టేశామన్నాను, మళ్ళీ రాగలమా అన్నాను. మీ పెదనాన్న మాట్లాడకుండా వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నారు. అప్పటికే ముందు రాత్రి నుంచీ ఆయన తల పగిలిపోతోందట. నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టుకుని చెప్పారు. "ఇన్నేళ్ళు అడిగావు, మొదటి రోజే నీ సరదా పాడుచేయడం ఇష్టం లేకపోయింది" అని.

ఖర్దుంగ్ లా మీద పసుపు బోర్డు దగ్గర తీయించుకున్న ఫొటో ఇన్నాళ్ళూ నా బీరువాలోనే దాచాను. నేను ఎర్ర శాలువా కప్పుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాను. పక్కన ఆయన ఒక చేత్తో బోర్డు స్తంభం పట్టుకుని నుంచున్నారు. ఠీవిగా ఆనుకున్నారనుకున్నాను అప్పుడు. అది పట్టుకోకపోతే పడిపోయేవారు. పెదాలు చూడు, నేరేడుపళ్ళు తిన్నట్టు ఉంటాయి. ఆ ఫొటో కడిగించి తెచ్చిన రోజున గానీ ఆ రంగు నా కంటపడలేదు. పక్కనే నుంచుని ఉన్నాను, అమ్మలూ. ఆయన భుజం నా భుజానికి తగులుతోంది.

ఆ రాత్రి దగ్గు మొదలైంది. పొడి దగ్గు. దుమ్ము పడలేదనుకుని ఇంటి నుంచి తెచ్చిన మిరియాల పొడి వేడినీళ్ళలో కలిపి తాగించాను. పడుకుంటే ఊపిరాడట్లేదంటే దిండు మీద దిండు వేశాను. "నిద్రపోండి, పొద్దున్నకి తగ్గుతుంది" అని విసుక్కున్నాను కూడా. ఆయన కిటికీకి ఆనుకుని కూర్చునే ఉన్నారు. అర్ధరాత్రి దాటాక ఆయన రొమ్ములోంచి ఒక చప్పుడు వినిపించింది. పాలు పొంగే ముందు గిన్నెలో సన్నగా వస్తుందే, అలాంటిది.

నాలుగు గంటలకి తలుపు తట్టారు. ఆ ఇంటి మామ్మ. అక్కడ మామ్మని 'అబి-లే' అంటారు. ఆ దగ్గు గోడ అవతలికి వినిపించిందట. ఆవిడకి తెలుగు రాదు, నాకు వాళ్ళ భాష రాదు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, ఆయన వీపు మీద చెవి ఆనించింది. చెయ్యి పట్టుకుని టార్చి వెలుతురులో గోళ్ళు చూసింది. నా వైపు తిరిగి "పానీ, పానీ" అంది. దాహం వేస్తోందని చెబుతోందనుకుని నేను గ్లాసు తేవడానికి పరిగెత్తాను. ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరుతున్నాయని ఆవిడ అంటోంది. నేను గ్లాసుతో వచ్చేసరికి ఆవిడ కొడుకు జీపు స్టార్ట్ చేశాడు.

ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెడితే రక్తంలో ఆక్సిజన్ 58 శాతమే చూపించింది. కుర్ర డాక్టరు మూడే ప్రశ్నలు అడిగాడు. ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎప్పుడు వచ్చారు, నిన్న ఎక్కడికి వెళ్ళారు. మూడోదానికి జవాబు చెప్పలేక నేల చూశాను. ఇంకో పూట ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు. కిందికి దింపేస్తే తగ్గే జబ్బు అది. కానీ లేహ్ నుంచి దిగడం అంత తేలిక కాదు. మనాలీ దారిలో తంగ్‌లంగ్ లా, శ్రీనగర్ దారిలో ఫోటూ లా. ఇంటికి పోయే దారులే ముందు ఇంకా పైకి ఎక్కిస్తాయి. అందుకని ఆక్సిజన్ పెట్టి మూడు రోజులు ఉంచి, తర్వాత విమానంలో పంపారు. ఆ మూడు రోజులూ అబి-లే ఫ్లాస్కులో జావ తెచ్చింది. డబ్బులివ్వబోతే నా చెయ్యి మడిచి నాకే ఇచ్చేసింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నువ్వు అచ్చం మీ పెదనాన్న లాంటిదానివి. పెళ్ళిలో నూటరెండు జ్వరంతో తలంబ్రాలు పోశావు, ఎవరికీ చెప్పలేదు. నీ చెయ్యి పట్టుకున్నాక నాకు తెలిసింది. ఇప్పుడు కొత్త కోడలివి. అత్తమామల ముందు తలనొప్పి అంటే ఏమనుకుంటారో, ఇంత ఖర్చు పెట్టి తీసుకొస్తే నీరసపడుతోంది అంటారేమో అని పెదవి బిగబట్టి నవ్వుతూ కూర్చుంటావు. వద్దు తల్లీ. మన ఇళ్ళల్లో మొహమాటాన్ని మంచి గుణం అంటాం, ఆడపిల్లకైతే మరీను. కొండ మీద అది పనికిరాదు. తలనొప్పి వస్తే తలనొప్పి అని చెప్పు. వాంతి వస్తోందంటే వస్తోందని చెప్పు. గట్టిగా చెప్పు. మీ ఆయనకి చెప్పి ఊరుకోకు, అందరూ వినేలా చెప్పు.

మీ మామగారూ చెప్పరు. ఇంటి పెద్ద కదా, ప్లాను వేసింది కూడా ఆయనే. అందుకని నువ్వే అడగాలి. "బాగున్నారా మామయ్యగారూ" అని అడిగితే బాగున్నానంటారు. అలా అడగకు. భోజనం సయించిందా, రాత్రి పడుకుంటే ఆయాసం వచ్చిందా, దగ్గు ఉందా అని అడుగు. అనుమానమొస్తే పిల్లలు ఆటలో అడుగులు కొలిచినట్టు మడమకి బొటనవేలు ఆనిస్తూ పదడుగులు నడవమను. తూలితే, మాట తడబడితే, కదలకుండా కూర్చున్నా ఆయాసపడుతుంటే ఆసుపత్రికే, పొద్దున్న దాకా ఆగొద్దు. కరోనాప్పుడు కొన్న ఆక్సీమీటరు పట్టుకెళ్ళు. అక్కడ మొదటి రోజు 85, 90 మధ్య చూపించినా హడలిపోకు. అంకె ఒక్కటే చూడకు, మనిషిని చూడు, పెదాలు చూడు. నిద్ర పట్టలేదని నిద్రమాత్ర వేసుకోనివ్వకు, మందు పార్టీలు అసలే వద్దు.

ప్లాను మార్చమని నేనే మీ మామగారికి ఫోన్ చేస్తాను, ఆ మాట అనే భారం నీకు అక్కర్లేదు. మొదటి రెండు రోజులు లేహ్‌లోనే ఉండండి. మొదటి రోజు మంచం దిగొద్దు. రెండో రోజు సాయంత్రం మెల్లగా మెయిన్ బజారుకి వెళ్ళండి. ఆడవాళ్ళు అరుగుల మీద ముల్లంగి, ఆకుకూరలు, ఎండు ఆప్రికాట్లు పోసుకుని కూర్చుంటారు. 'జూలే' అంటే నమస్కారం, థాంక్సు, వెళ్ళొస్తాను, అన్నీ అదే. మూడో రోజు థిక్సే మఠానికి పొద్దున ప్రార్థన వేళకి వెళ్ళండి. రెండంతస్తుల ఎత్తు మైత్రేయ బుద్ధుడు ఉంటాడు, పై అంతస్తులో ఆయన మొహానికి ఎదురుగా నుంచుంటాం. దారిలో మంత్రాలు చెక్కిన రాళ్ళ గోడలు కనిపిస్తే, మన ప్రదక్షిణలాగే కుడి చేతివైపు ఉంచుకుని దాటాలి. నుబ్రా నాలుగో రోజుకి పెట్టుకోండి. కనుమ మీద పావుగంట, అంతే, ఫొటో తీసుకుని దిగిపోండి. నుబ్రాలో దిస్కిత్ లేహ్ కన్నా కిందే ఉంటుంది, రాత్రి నిద్ర పడుతుంది. పాంగాంగ్ దాదాపు 14,000 అడుగులు, పెద్దవాళ్ళతో అక్కడ రాత్రి ఉండొద్దు. రోజులు చాలకపోతే పాంగాంగ్ మానేయండి. సరస్సు ఎక్కడికీ పోదు.

ఒక్కటి మాత్రం మానొద్దు. లేహ్ నుంచి శ్రీనగర్ దారిలో 35 కిలోమీటర్లు వెళ్తే నిమ్మూ దగ్గర జంస్కార్ నది వచ్చి సింధులో కలుస్తుంది. రెండు నీళ్ళూ రెండు రంగులు, కొంతదూరం కలవకుండా పక్కపక్కన నడుస్తాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక విమానం ఎక్కేముందు రోజు అబి-లే కొడుకు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాడు. మీ తాతయ్య గోదావరిలో మునక వేస్తూ చెప్పే శ్లోకంలో గోదావరితో పాటు సింధు పేరూ ఉంటుంది, గుర్తుందా? మీ పెదనాన్న ఒడ్డున కూర్చుని ఆ శ్లోకం చెప్పి ఆ నీళ్ళు నా తల మీద చల్లారు. నేను చేసిన పనికి ఒక్క మాట అనలేదు. ఈ రోజు దాకా అనలేదు.

మరుసటి ఏడాది ఆగస్టులో లేహ్ మీద మేఘం పేలి బురద వరద వచ్చిందని టీవీలో చూశాను. మీ పెదనాన్న పడుకున్న ఆసుపత్రిలోకి కూడా బురద చేరింది. అబి-లే ఇంటి ఫోన్ నంబరు తీసుకోలేదు నేను. మన తడబాటులో ఆవిడకి సరిగ్గా దండం కూడా పెట్టలేదు.

అందుకని మీ అమ్మ చేతికి కాకినాడ కాజాలు ఒక డబ్బా పంపిస్తున్నాను. చాంగ్‌స్పా దారిలో ఆ ఇల్లు ఎక్కడో ఈ ఉత్తరం వెనక బొమ్మ గీశాను, నీలం రంగు కిటికీలు, ముందు ఆప్రికాట్ చెట్టు. అప్పటికే ఆవిడకి అరవై దాటాయి. ఉంటే ఆవిడ చేతిలో పెట్టు. లేకపోతే తలుపు తీసినవాళ్ళకి ఇవ్వు. మాటలు రాకపోయినా పర్లేదు, ఖర్దుంగ్ లా ఫొటో కూడా కవర్లో పెట్టాను, అది చూపించు. ఎర్ర శాలువా పక్కన నుంచున్నాయన ఇప్పటికీ రోజూ పొద్దున పార్కులో నాలుగు రౌండ్లు తిరుగుతున్నాడని సైగతో చెప్పు.

దిగగానే ఫోన్ చెయ్యి. తలనొప్పి ఉందా లేదా అని ముందు చెప్పి, తర్వాత ఆకాశం ఎంత నీలంగా ఉందో చెప్పు.

నీ పెద్దమ్మ