మీ ప్రశ్నలు – మా జవాబులు: రెండోసారి వచ్చిన సొరచేప

ప్రశ్న: చిన్నప్పుడు ‘జాస్’ అనే ఇంగ్లిష్ సినిమా చూసి చాలా భయపడ్డాను. ఇటీవల ‘జాస్ 2’ చూశాను. ఇందులో సొరచేపను మాటిమాటికీ చూపించినా అంత భయం కలగలేదు, ఎందుకని? చివర అది కరెంటు తీగను కొరికి చనిపోవడం నిజంగా సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మీరు గమనించిన తేడా సరైనదే, అమ్మా. 1975లో విడుదలైన మొదటి భాగాన్ని దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీస్తున్నప్పుడు యంత్రపు సొరచేప ఉప్పునీటిలో తరచూ మొరాయించేది. అందువల్ల నీటి మట్టానికి ఆనించినట్లుండే కెమెరాతో, సొరచేపకు తగిలించగా నీటిపై పరుగెత్తే పసుపు పీపాలతో, జాన్ విలియమ్స్ సంగీతంతో దాని రాకను సూచించవలసి వచ్చింది. కంటికి కనిపించని భాగాన్ని ప్రేక్షకులే తమ మనసులో నింపుకున్నారు. 1978లో వచ్చిన రెండో భాగంలో, పడవ పేలుడుకు ముఖం కాలిన సొరచేపను దర్శకుడు జానో స్వార్క్ ధారాళంగా చూపించారు. ఒకసారి నిలువునా చూసిన దాన్ని మళ్లీ మళ్లీ చూస్తుంటే బెదురు తగ్గుతుంది.

అయినా ఈ చిత్రాన్ని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. రాయ్ షైడర్ పోషించిన పోలీసు అధికారి బ్రోడీ బీచ్‌లోని ఎత్తైన కాపలా గోపురం మీద నుంచి నీటిలో నల్లని నీడను చూసి, గంట మోగించి, జనాన్ని ఒడ్డుకు తరిమి, తుపాకీ కూడా పేలుస్తాడు. తీరా చూస్తే అది మామూలు చేపల గుంపు. పర్యాటకులు రాకపోతే ఊరి రాబడి పోతుందనుకునే పెద్దలు అతన్ని ఉద్యోగం నుంచి తీసేస్తారు. నీటిలోని కీడు కంటికి కనిపించనప్పుడు దాని గురించి హెచ్చరించేవారి మాట ఎంత ఆలస్యంగా చెవికెక్కుతుందో, ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మర్రిగూడ వైపు పల్లెలున్న మన నల్గొండ జిల్లాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే ఆ దృశ్యం సొరచేప కన్నా ఎక్కువగా నన్ను కలచివేస్తుంది.

ఇక ముగింపు సంగతి. సొరచేప ముక్కు చుట్టూ ఉండే సన్నని రంధ్రాలు ఇతర ప్రాణుల శరీరం నుంచి వెలువడే అతి బలహీనమైన విద్యుత్తును కూడా పసిగడతాయి. సముద్రగర్భంలో వేసిన టెలిఫోన్ కేబుళ్లను సొరచేపలు కొరికిన ఉదంతాలు 1980ల నుంచీ నమోదయ్యాయి, కాబట్టి కొరకడం కల్పన కాదు. అయితే ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం కనుక కరెంటు చేప ఒంట్లోకే వెళ్లకుండా చుట్టూ పాకుతుంది; పైగా తీగ దెబ్బతినగానే సరఫరాను ఆపే ఏర్పాట్లు ఉంటాయి. సొరచేప నిప్పులు కక్కుతూ మాడిపోవడమూ, పక్కనే రబ్బరు పడవలో ఉన్న బ్రోడీకి ఏమీ కాకపోవడమూ కథ కోసం చేసిన ఏర్పాటే.

ప్రశ్న: ఈ సినిమా చూసినప్పటి నుంచి మా పిల్లలు సోమశిల దగ్గర కృష్ణలో దిగనంటున్నారు. సొరచేపలు నదిలోకి రావా?
– ఒక పాఠకుడు, కొల్లాపూర్

జవాబు: సినిమాలోని తెల్ల సొరచేప సముద్రానిది, నదిలో బతకదు. బుల్ షార్క్ అనే జాతి మాత్రం మంచినీటిలోనూ బతుకుతూ నదుల్లో చాలా దూరం ఎదురీదగలదు. కానీ అది సోమశిల చేరాలంటే ప్రకాశం బ్యారేజీని, పులిచింతలను, 124 మీటర్ల ఎత్తున్న నాగార్జునసాగర్‌ను, ఆపైన శ్రీశైలం ఆనకట్టను దాటాలి. అది జరిగే పని కాదని పిల్లలకు ధైర్యం చెప్పండి. అయితే కృష్ణలో మొసళ్లున్నాయి, శ్రీశైలం వెనుక జలాల్లో లోతు ఉన్నట్టుండి పెరుగుతుంది. కాబట్టి పెద్దలు తోడు లేకుండా నీటిలో దిగవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

ప్రశ్న: మూడు, నాలుగు భాగాలు చూడదగ్గవేనా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: నా అభిప్రాయంలో కావు. 1983 నాటి మూడో భాగం 3డి ఆకర్షణను నమ్ముకున్నది. 1987 నాటి నాలుగో భాగంలో సొరచేప ఒక కుటుంబంపై పగబట్టినట్లు చూపించారు. మనుషులను గుర్తుపెట్టుకుని వెంటాడే స్వభావం సొరచేపకు లేదు. మూల నవల రాసిన పీటర్ బెంచ్‌లీ కూడా ఆ తరువాతి కాలంలో సొరచేపల రక్షణ కోసమే పాటుపడ్డారు. ఆ రెండింటికి వెచ్చించే సమయంలో మొదటి భాగాన్ని మరోసారి చూడండి.