పాత స్టెర్న్‌డ్రైవ్ ఇంజను తిరిగి ఎక్కించాక అలైన్‌మెంట్ బారు కప్లర్‌లోకి దిగడం లేదు: ముందు మౌంట్లు ఎంతవరకు లేపాలి?

ముందు మౌంట్ల (ఇంజను ముందు భాగాన్ని మోసే కాళ్ల) నట్లు మర చివరిదాకా తిప్పినా, ఇంజను డ్రైవుకు సూటిగా ఉందో లేదో చూసే అలైన్‌మెంట్ బారు ఇంజను వెనుక కప్లర్‌లోకి (డ్రైవు షాఫ్టును ఇంజనుకు కలిపే భాగంలోకి) దిగడం లేదని రాశారు. ప్రస్తుతానికి నట్ల జోలికి వెళ్లకండి. బారును సుత్తితో కొట్టి దించే ప్రయత్నం అసలే చేయకండి. మీది మర్‌క్రూజర్ కంపెనీ ఆల్ఫా వన్ స్టెర్న్‌డ్రైవ్ (ఇంజను పడవ లోపల, ప్రొపెల్లరు ఉండే డ్రైవు వెనుక బయట ఉండే రకం) అన్నారు కాబట్టి, నట్లు అంత దూరం తిరిగాయంటే తప్పు ముందు మౌంట్లలో కాకుండా మరెక్కడో ఉంది.

నరసాపురం, దిండి వైపు పర్యాటకుల స్పీడు పడవలు కొన్నింటికి నేను ఈ పని చేశాను. వాటిలో ఒకటి సరిగ్గా మీ పడవలాగే వచ్చింది. వేరే చోట ఇంజను బాగుచేయించి ఎక్కించారు. కొద్ది రోజులకే కప్లర్‌లోని రబ్బరు చిరిగిపోయింది. విప్పి చూస్తే వెనుక మౌంట్ల కింద ఉండాల్సిన ఫైబరు వాషరు, రెండు చుట్ల స్ప్రింగు వాషరు ఒక పక్కన లేనే లేవు. ఆ పక్క ఇంజను కిందికి దిగి, మొత్తం ఒరిగింది. ఆ లోటును ముందు నుంచి సరిచేయాలని చూశారు. ఈ ఇంజనులో వెనుక మౌంట్ల ఎత్తు సర్దడానికి ఏర్పాటు ఉండదు, అవి ట్రాన్సమ్ (పడవ వెనుక గోడ) లోపలి పలకకు నేరుగా బిగుస్తాయి. మీరూ మొదట ఆ వాషర్లు రెండు పక్కలా, సరైన వరుసలో ఉన్నాయో లేదో చూడండి.

ఆ తరువాత చెక్క. ఫైబరు పడవే అయినా ముందు మౌంట్లు కూర్చునే దూలాల లోపల ఉండేది చెక్కే. మన ఆటుపోటుల నీటిలో ఏళ్ల తరబడి నానిన పాత పడవల్లో పైపొర నిగనిగలాడుతున్నా లోపల కుళ్లి ఉంటుంది. సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. ఖంగుమనాల్సిన చోట మొద్దుగా మోగితే మౌంటు మరమేకు ఒకటి విప్పి చూడండి. దానితో పాటు తడి పొట్టు వస్తే అలైన్‌మెంట్ పక్కన పెట్టి ముందు దూలం మార్చండి. ఖర్చు ఎక్కువే, కానీ కుళ్లిన చెక్క మీద ఈ రోజు సరిచేసిన ఎత్తు రేపు ఉండదు.

పడవను దేని మీద నిలబెట్టారో మీరు రాయలేదు. మన దగ్గర గట్టు మీదికి లాగి రెండు తాటి దూలాల మీద వదిలేయడం అలవాటు. బరువు రెండు చోట్లే పడితే అడుగు వంగుతుంది, దానితో కొలత మారుతుంది. పడవ అడుగు నడిమి వెన్ను పొడవునా ఆనేలా దిమ్మలు పెట్టండి.

ఇక్కడొక మాట. కాకినాడ మరపడవల మేస్త్రీలు చాలా గట్టి పనివాళ్లు. అయితే వారికి అలవాటైన పద్ధతి షాఫ్టు పడవలది (ఇంజను నుంచి షాఫ్టు నేరుగా ప్రొపెల్లరుకు వెళ్లేవి): పడవ నీటిలో దిగి స్థిరపడ్డాక రెండు ఫ్లాంజీల (షాఫ్టును ఇంజనుకు కలిపే బిళ్లల) మధ్య ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకు) పెట్టి, 4 అంగుళాల ఫ్లాంజీకి సుమారు 0.1 మిల్లీమీటరు తేడాలోకి తెస్తారు. స్టెర్న్‌డ్రైవ్‌కు ఆ పద్ధతి పనికిరాదు. బారు పెట్టాలంటే డ్రైవు విప్పాలి. అప్పుడు వెనుక రంధ్రం తెరుచుకుంటుంది కాబట్టి నీటిలో ఉంచి చేస్తే పడవ నిండుతుంది. గట్టు మీదే చేయాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు జింబల్ బేరింగు (డ్రైవు షాఫ్టు ట్రాన్సమ్ దాటే చోట దాన్ని మోసే బేరింగు) చూడండి. వేలితో తిప్పితే గరగరలాడినా, తుప్పు నీరు కనిపించినా బేరింగుతో పాటు బెలోస్ (ఆ షాఫ్టుకు నీరు తగలకుండా ఉండే రబ్బరు తొడుగు) కూడా మార్చండి, ఎందుకంటే నీరు వచ్చేది చిరిగిన బెలోస్ నుంచే. బేరింగు తన గూటిలో అటూ ఇటూ ఒరుగుతుంది. అది పక్కకు చూస్తుంటే ఇంజను సరిగ్గా ఉన్నా బారు దిగదు. బారును బేరింగులోకి పెట్టి, బయటి కొసను పైనుంచీ కిందనుంచీ రెండు పక్కలనుంచీ మెల్లగా తట్టి బేరింగును కప్లర్ వైపు సూటిగా చేయండి. లేత్ మీద తీయించిన బారైతే బేరింగులో వదులు లేకుండా కూర్చుంటోందా చూసుకోండి. వదులైన బారు చెప్పేది నమ్మలేం. కంపెనీ బారు అరువు దొరికితే అదే మేలు.

ఇప్పుడు ముందు మౌంట్లు. రెండు నట్లూ మర మధ్యకు తెచ్చి అక్కడినుంచి మొదలుపెట్టండి, రెండింటినీ సమానంగా తిప్పండి. కప్లర్ పళ్లకు పలుచగా గ్రీజు రాసి, బారు దించి, తిప్పకుండా నేరుగా బయటికి తీయండి. గుర్తులు బారు పైభాగంలోనే పడితే కప్లర్ కిందికి ఉన్నట్టు, ఇంజను ముందు భాగం లేపాలి. అడుగున పడితే దించాలి. చుట్టూ ఒకేలా పడేదాకా కొంచెం కొంచెంగా సర్దండి. బారు రెండు వేళ్లతో తోస్తే జారిపోవాలి. అప్పుడు క్రాంకును పావు చుట్టు తిప్పి మళ్లీ చూడండి, అలా నాలుగు వైపులా. ఒక వైపు సులువుగా, మరో వైపు బిగువుగా ఉంటే కప్లర్ వంకరగా బిగిసిందని అర్థం. మౌంట్లతో అది పోదు.

లాక్ నట్లు బిగించాక ఇంకోసారి బారు పెట్టండి. బిగింపులోనే ఎత్తు మారడం చాలాసార్లు చూశాను. ఆ తరువాతే డ్రైవు ఎక్కించండి. వెనుక వాషర్లు విప్పినప్పుడు ఎలా ఉన్నాయో ఫోటో తీసి ఇక్కడ పెడితే, వరుస సరిగ్గా ఉందో లేదో చూసి చెబుతాను.