మాట చివరిదాకా విను

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

నాయనమ్మ కోసం మాటలతో నడిచే మందుల యాప్ రాస్తున్నానని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. మాత్ర టైమ్ అవగానే ఫోన్ పిలవాలి, నాయనమ్మ నోటితో జవాబు చెప్పాలి, యాప్ దాన్ని రాసుకోవాలి. అంతవరకు చాలా బాగుంది. ఆ కింద రాసిన వార్తలు, వాతావరణం, పాటలు, బీపీ గ్రాఫు ఇప్పటికి పక్కన పెట్టు. "మాత్ర వేసుకున్నారా?" అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును తప్పు పోకుండా అందుకోగలిగితే అదే పెద్ద పని.

1962లో సియాటిల్ ప్రపంచ ప్రదర్శనలో ఐబీఎం వాళ్ళు షూబాక్స్ అనే యంత్రాన్ని చూపించారు. దానికి తెలిసినవి మొత్తం 16 మాటలు. అందులో పది అంకెలే. మైకులో అంకెలు చెబితే కూడికలు చేసేది, అంతే. ఆ తర్వాత 2011లో ఐఫోన్‌లోకి మాటకు జవాబిచ్చే సిరి వచ్చింది, 2014లో అలెక్సాతో ఎకో అనే మాట్లాడే స్పీకర్ వచ్చింది, ఇప్పుడు ఏం మాట్లాడినా అక్షరాలుగా మారిపోతోంది. అయినా నాకు ఆ 16 మాటల పెట్టె మీద గౌరవం పోలేదు. దాని ముందు నిలబడిన మనిషికి అది ఏం చేయగలదో, ఏం చేయలేదో స్పష్టంగా తెలిసేది. నీ యాప్ ముందు కూర్చున్నప్పుడు నాయనమ్మకూ అలాగే తెలియాలి.

కోడ్ మొదలుపెట్టే ముందు ఒక వారం కాగితం, పెన్ను పట్టుకుని ఆవిడ పక్కన కూర్చో. నువ్వే యాప్‌లా అడుగు, వచ్చిన జవాబును ఉన్నది ఉన్నట్టు రాసుకో. నేను రెండు రోజులు చేసి చూశాను. "వేసుకున్నా", "ఆ, అయింది", "ఇందాకే మింగేశా", "ఇంకా లేదు", "ఏదీ, తెల్లదా గులాబీదా?", "కాసేపాగి". వీటిలో ఒక్కటి కూడా "అవును, నేను మాత్ర తీసుకున్నాను" లాగా లేదు. నీ ప్లాన్‌లో నమూనా జవాబుగా ఆ వాక్యమే ఉంది. ఎవరూ అలా మాట్లాడరు నాన్నా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీని మీద ఎన్ని రోజులు పెట్టినా తప్పులేదు. తెలుగులో అసలు విషయం మాట చివర ఉంటుంది. వేసుకున్నా, వేసుకుంటా, వేసుకోనా, వేసుకోలేదు. కోడ్‌లో "వేసుక" అన్న మొదలు పట్టుకుని వెతికితే నాలుగింటికీ టిక్ పడిపోతుంది. ఒకటి అయిపోయిన పని, ఒకటి చేయబోయే పని, ఒకటి ప్రశ్న, ఒకటి కాని పని. పైగా "వేసుకున్నానా?" అని ఉంది చూశావూ, పెద్దవాళ్ళు ఎక్కువగా అనే మాట అదే. ఆవిడ జవాబు చెప్పడం లేదు, నిన్నే అడుగుతోంది. అక్షరాలుగా మారేటప్పుడు ప్రశ్న గుర్తు వస్తుందని నమ్మకం లేదు. ఆ చివరి "నా" ఒక్కటే నీకు ఆధారం. అది వినిపిస్తే యాప్ తన పుస్తకం చూసి "ఎనిమిదింటికి వేసుకున్నట్టు ఉంది" అని చెప్పాలి తప్ప కొత్తగా టిక్ పెట్టకూడదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. మనిషి మాట ఆపగానే ఫోన్ వినడం ఆపేస్తుంది. ఎంతసేపు నిశ్శబ్దం ఉంటే ఆపాలన్నది ఒక సెట్టింగ్. మొన్న నాయనమ్మ నాతో అన్న మాట ఇది: "వేసుకుందామనే కూర్చున్నా..." అని కళ్ళజోడు కోసం చెయ్యి చాపింది, దొరికింది, తుడుచుకుంది, అప్పుడు "ఇంతలో ఫోన్ మోగింది, వేసుకోలేదు" అంది. ఆ మధ్య ఖాళీ మూడు సెకన్లు దాటే ఉంటుంది. నీ యాప్ ఒక సెకనుకే ఆపేస్తే "లేదు" అన్న మాట దానికి ఎప్పటికీ వినపడదు. ఆండ్రాయిడ్‌లో ఈ గడువు పెంచమని అడగవచ్చు, కానీ కొన్ని ఫోన్లలో అది పట్టించుకోదు. కాబట్టి వాక్యం పూర్తి కానట్టు కనిపిస్తే వెంటనే నిర్ణయించకుండా మళ్ళీ మైకు తెరువు. మనుషులు ఒకరి మాట అయ్యాక ఇంకొకరు అందుకోవడానికి సుమారు 200 మిల్లీసెకన్లే తీసుకుంటారు. నీ యాప్ అంత చురుగ్గా ఉండాలని ఆరాటపడకు. ఇక్కడ నిదానమే మర్యాద.

అనుమానం వస్తే ఏం చేయాలని అడిగావు. వేసుకోని మాత్రను వేసుకున్నట్టు రాస్తే ఆ పూట మందు పోతుంది. వేసుకున్నదాన్ని లేదని రాస్తే ఆవిడ రెండోసారి వేసుకోవచ్చు. రెండూ ప్రమాదమే. అందుకని అవును, కాదు అని రెండు గడులు కాకుండా "తెలియదు" అని మూడో గడి పెట్టు. అది పడినప్పుడు "ఒకసారి డబ్బాలో చూసి చెప్పండి" అని అడగాలి. అప్పటికీ తేలకపోతే నీ ఫోన్‌కు మెసేజ్ రావాలి. మాత్ర మళ్ళీ వేసుకోమని యాప్ తనంతట తాను ఎప్పుడూ చెప్పకూడదు. ఈ ఒక్క విషయంలో నీతో వాదించడానికి కూడా నేను సిద్ధంగా లేను. జవాబులు పెద్ద భాషా మోడల్‌తో, అంటే చాట్‌జీపీటీ లాంటి దానితో చెప్పిద్దామన్నావే, మాటను అర్థం చేసుకోవడానికి కావాలంటే వాడుకో. ఏ మాత్ర, ఎప్పుడు అన్నది మాత్రం నువ్వు రాసిపెట్టిన పట్టికలోంచే రావాలి.

రాసుకున్న ప్రతిసారీ ఏం రాసుకుందో తిరిగి చెప్పించు. "పొద్దుటి తెల్ల మాత్ర అయిందని రాశాను" అంటే చాలు. ఆవిడ "కాదు" అంటే వెంటనే చెరిపేయాలి. నేను మొదటిసారి రాసిన వాయిస్ యాప్‌కు పెద్ద స్వాగత వాక్యం పెట్టాను. తెరిచిన ప్రతిసారీ పధ్నాలుగు సెకన్లు మాట్లాడేది. నాలుగో రోజు నుంచి ఎవరూ దాన్ని తెరవలేదు. యాప్ తన మాట పూర్తయ్యాకే మైకు తెరవాలన్నది కూడా అప్పుడే తెలిసింది. లేకపోతే తన గొంతే తాను విని జవాబు అనుకుంటుంది.

అలారం సంగతి. పిలుపు ఫోన్‌లోనే పుట్టాలి, నెట్ మీద ఆధారపడకూడదు. ఫోన్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే ఆండ్రాయిడ్‌లో యాప్ పెట్టిన అలారాలన్నీ చెరిగిపోతాయి, వాటిని మళ్ళీ పెట్టే కోడ్ నువ్వే రాయాలి. కదలకుండా పడి ఉన్న ఫోన్ బ్యాటరీ కోసం నిద్రలోకి పోయి మామూలు అలారాలను ఆలస్యం చేస్తుంది. దానికి వేరే పద్ధతి ఉంది, అనుమతి అడగాలి. ఇవి చదివితే వచ్చేస్తాయి.

ఎకో లాంటి ఇంకొకరి స్పీకర్ మీద యాప్ మొత్తం కట్టవద్దు. ఎందుకో కూడా చెప్పాలి. నా దగ్గర ఒక చిన్న కంపెనీ మాట్లాడే పెట్టె ఉండేది. రెండేళ్ళ రిమైండర్లు అందులోనే. ఒక ఉదయం దాని లైటు తిరుగుతూనే ఉంది, మాట లేదు. సర్వర్లు ఆపేశారు. నా జాబితా తిరిగి తీసుకునే దారి లేకపోయింది. పెద్దవాళ్ళ దగ్గరా మార్పులు వస్తాయి. గూగుల్ అసిస్టెంట్ కోసం బయటివాళ్ళు సంభాషణల యాప్‌లు రాసే సౌకర్యం 2023 జూన్ 13న ముగిసింది. స్పీకర్‌తో కూడా యాప్‌ను పలకరించేలా ఒక తలుపు పెట్టు, తప్పులేదు. పుస్తకం మాత్రం నీ యాప్ ఉన్న ఫోన్‌లోనే ఉండాలి.

గొంతు రికార్డింగులు దాచకు. గొంతును సెకనుకు 16,000 సార్లు కొలిచి రాసుకునే నమూనాలు, ఒక్కోటి రెండు బైట్లు చొప్పున నిమిషానికి 19,20,000 బైట్లు అవుతుంది. నాకు బాధ చోటు గురించి కాదు. ఆ నిమిషంలో ఆవిడ ఇంకెవరితోనో చెప్పుకున్న మాటలు కూడా ఉంటాయి. మైకు పనిచేస్తున్నప్పుడు ఫోన్ పైన ఆకుపచ్చ చుక్క వెలుగుతుందని ఆవిడకు చూపించు, అది ఎందుకో చెప్పు.

మొదటి వెర్షన్ తయారవగానే తీసుకుని వచ్చేయ్. ఫోన్ నాయనమ్మ చేతికిచ్చి, నువ్వు ఎదురుగా కాకుండా కొంచెం వెనక కూర్చో. ఆవిడ తడబడితే నోరు విప్పకు, "ఇలా అను" అని అందించకు. నేను పక్కన గడియారం చూస్తూ ప్రతి ఖాళీ ఎన్ని సెకన్లో రాస్తూ ఉంటాను. ఆ కాగితం నువ్వు తీసుకెళ్ళు, ఆ గడువు సెట్టింగ్ దాన్ని చూసి పెట్టుకో.

ప్రేమతో,
మీ అత్త