సమాధానం: లియోన్‌లో వసతి రుజువుకి మున్సిపల్ ఆఫీసు పత్రం అక్కర్లేదు

అన్నా, మీ చెల్లెలికి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది, గది దొరకలేదు, అక్కడున్న మీ బాబాయి కొడుకు తన ఇంట్లో ఉండమంటున్నాడు, కానీ వీసాకి వసతి రుజువుగా అక్కడి మున్సిపల్ ఆఫీసు వాళ్లు పత్రం ఇవ్వలేదు. ఇదే కదా సమస్య?

ఇవ్వకపోవడం సబబే. తిరుపతిలో మీ కన్సల్టెన్సీ తెమ్మన్న ‘అతెస్తాసియోఁ దాక్యూయ్’ (మున్సిపల్ ఆఫీసు ఇచ్చే ఆతిథ్య పత్రం) 3 నెలల లోపు చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లది. మీ చెల్లి లాంగ్ స్టే వీసాకి (3 నెలలకు మించి ఉండేవాళ్లది) కావాల్సింది ‘అతెస్తాసియోఁ దెబెర్జ్‌మాఁ’, అంటే ఇంట్లో ఉండనిస్తున్నానని రాసిచ్చే పత్రం. దీనికి ఏ ఆఫీసు మెట్లూ ఎక్కక్కర్లేదు. మీ తమ్ముడే తెల్లకాగితం మీద తన పేరు, పుట్టిన తేదీ, చిరునామా, చెల్లి వివరాలు, ఎప్పటినుంచి ఉంటుందో రాసి సంతకం పెట్టాలి. తన రెసిడెన్స్ కార్డు రెండువైపులా కాపీ, 3 నెలల లోపు కరెంటు బిల్లో అద్దె రసీదో జతచేయాలి.

ఆ బిల్లు మాత్రం జూమ్ చేసి చూడండి. రూమ్మేట్ పేరు మీద ఉంటే పేచీయే. మన పేర్లతో ఇంకో తంటా: కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బిల్లులో ఒక్క అక్షరమే. తిరుమల కొండమీద గదికి ఆధార్‌లో పేరు చూసినట్టే ఇక్కడా చూస్తారనుకోండి. పేరు సరిచేయించి కొత్త బిల్లు తీసుకోమనండి.

ఎన్ని నెలల వసతి చూపాలో ఫ్రాన్స్ వీసా సైటు చెక్‌లిస్టులో ఉంటుంది. డమ్మీ హోటల్ బుకింగ్ ఇప్పిస్తామనేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు. చెల్లి వెళ్లాక 3 నెలల్లోపు వీసాను ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేసుకోవాలి, అప్పుడూ అక్కడి చిరునామా అడుగుతారు.