ఐదు రోజులకే ప్రివెంటర్ ఇన్హేలర్ ఆపేయకండి

బాబుకి బుడెసొనైడ్ ఇన్హేలర్ (ఆయాసం రాకుండా రోజూ వాడే ప్రివెంటర్) మొదలుపెట్టి ఐదు రోజులైనా రాత్రి దగ్గు తగ్గలేదని, స్టెరాయిడ్ కదా, అలవాటైపోతుందేమోనని ఆపేద్దామనుకుంటున్నానని రాశారు. డాక్టర్‌ని అడక్కుండా మాత్రం ఆపకండి అండీ. సాల్బుటమాల్‌లా ఇది నిమిషాల్లో ఆయాసం తగ్గించే మందు కాదు. శ్వాసనాళాల లోపలి వాపును మెల్లగా తగ్గిస్తుంది. తేడా తెలియడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది. అందుకే దగ్గు లేని రోజు కూడా వేయాలి.

దీనికి అలవాటు పడటమంటూ ఉండదు. మాత్రల్లో స్టెరాయిడ్ మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఇందులో మైక్రోగ్రాముల్లో, అదీ నేరుగా ఊపిరితిత్తులకే.

నాకు అసలు అనుమానం వాడే పద్ధతి మీద. స్పేసర్ (ఇన్హేలర్‌కి తగిలించే గొట్టంలాంటి డబ్బా) ఉందా? పిల్లలకి అది తప్పనిసరి అనే అంటాను. ఇన్హేలర్ బాగా ఊపి, స్పేసర్‌కి తగిలించి, ఒక్కసారే నొక్కి, నెమ్మదిగా నాలుగైదు సార్లు ఊపిరి తీసుకోమనండి. రెండో పఫ్‌కి మళ్లీ ఊపాలి. తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత రావచ్చు.

సాల్బుటమాల్ దగ్గరే ఉంచండి. అది వేసినా ఆయాసం తగ్గకపోయినా, మాట పూర్తిచేయలేకపోతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.